నీళ్లత్త కాదన్న స్నానం

"దీనికి ఇవాళ నీళ్లు పొయ్యను," అంది నీళ్లత్త.

తొట్టిలో ఇటుక రంగు కుక్క తోక ముడుచుకుని నిలబడి ఉంది. తలుపు దగ్గర ఆ కుక్కల స్నానాల దుకాణం యజమాని నిలబడి ఉన్నాడు. బయట బెంచీ మీద కుక్కని తెచ్చిన లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నారు. నీళ్లత్త కొళాయి కట్టేసి, గొట్టాన్ని కొక్కేనికి తగిలించింది.

యజమానికి ముప్పై ఏళ్లుంటాయి. చెడ్డవాడేం కాదు. కుక్కల్ని ముద్దు చేస్తాడు కూడా. కాకపోతే దుకాణం పెట్టిననాడు గోడకి వేలాడదీసిన పట్టికే అతనికి వేదం. అందులో మొదటి వరుసలో వారానికో స్నానం, రెండో వరుసలో వారానికి రెండు స్నానాలు, మూడో వరుసలో సువాసన స్నానం అని రాసి ఉంది. ఈ కుక్క రెండో వరుసలో ఉంది.

"అమ్మా, మాస్టారే ఒప్పుకున్నాక మీకేంటి? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు.

"దురద కందకే ఉంది బాబూ. అది నోరు తెరిచి చెప్పుకోలేదు. అందుకే కత్తిపీట చెబుతోంది."

పక్క తొట్టిలో ఎవరిదో బొచ్చుకుక్కని తడుపుతున్న పిల్ల ఫక్కున నవ్వి, యజమాని మొహం చూసి తల దించేసింది.

ఆ రోజుకి నీళ్లత్త ఆ దుకాణంలో చేరి మూడేళ్లయింది. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఆస్పత్రిలో ఆయాగా చేసింది. మంచం దిగలేని ఆడవాళ్ల వార్డు ఆమెది. ఒళ్లు తుడవడం, తలంటడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం ఆమె పని. గుడ్డ ముంచే ముందు నీళ్లలో మోచెయ్యి పెట్టి చూసేది. వేడి ఎక్కువైతే చన్నీళ్లు కలిపేది, చల్లబడితే మళ్లీ కాచేది. ఓసారి ఓ చిన్నపిల్ల వార్డులో ఉన్న అమ్మమ్మని చూడ్డానికొచ్చి, ఇదంతా చూసి "నీళ్లత్తా" అని పిలిచింది. ఆ పేరు వార్డంతా పాకింది, అక్కణ్ణుంచి ఇంటిదాకా వచ్చింది. అసలు పేరు హాజరు పట్టీకి మాత్రమే మిగిలింది.

చేరిన కొత్తలో అక్కడి పెద్ద నర్సమ్మ ఆమెకి ఒక మాట చెప్పింది. "రోగి అబద్ధం చెప్పొచ్చు, డాక్టరు పొరబడొచ్చు. చర్మం మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుందే. పుండు ఎక్కడుందో చూడు, అక్కడ ఒళ్లు దేనికి ఆనుతోందో చూడు." నీళ్లత్త చదివింది అయిదో తరగతే. ఆ తర్వాత ఆమె నేర్చిన చదువంతా ఆ ఒక్క మాటే. మడమలు, తుంటి, వీపు కింద ఎముకలు, మోచేతులు. కొత్త రోగి రాగానే ముందు దుప్పటి తీసి ఆ చోట్లు చూసేది.

తర్వాత ఆస్పత్రి ఆ పనిని బయటి కంపెనీకి అప్పగించింది. మెడలో పట్టీ వేసుకున్న సూపర్‌వైజరు ఒకాయన గడియారం పట్టుకుని వచ్చాడు. రోగికి నాలుగు నిమిషాలన్నాడు.

"నాలుగు నిమిషాల్లో ముసలామె చీర కుచ్చిళ్లు కూడా విప్పలేం బాబూ," అంది నీళ్లత్త.

"అందరూ చేస్తున్నారు కదమ్మా."

"అందరూ తడుపుతున్నారు. నేను కడుగుతున్నాను."

ఆమె ఇరవై నిమిషాలు తీసుకుంటూనే ఉంది. రెండుసార్లు హెచ్చరిక కాగితం ఇచ్చారు. మూడోసారి ఇంటికి పంపేశారు. భర్త బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. మాట తక్కువ మనిషి. ఆ సాయంత్రం భార్య గుమ్మంలో కూలబడితే చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వేం తప్పు చేశావని అంత దిగులు? ఉద్యోగమే నిన్ను తట్టుకోలేక పారిపోయింది," అన్నాడు.

ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. చివరికి నవ్వే గెలిచింది.

కుక్కల స్నానాల దుకాణంలో మనుషులు కావాలన్న బోర్డు చూసి చెప్పింది కూతురు. నీళ్లత్త మర్నాడే వెళ్లింది. ఈ సంగతి తెలిసి ఆడపడుచు ఇంటికొచ్చి మరీ మూతి తిప్పింది.

"మనుషుల్ని కడిగిన చేతుల్తో కుక్కల్ని కడుగుతావా? మా పరువేం కావాలి?"

"మనుషులు కడిగినంతసేపూ తిట్టేవాళ్లు వదినా. ఇవి నాకుతాయి. పరువు నాకు ఇక్కడే ఎక్కువ దక్కుతోంది," అంది నీళ్లత్త.

దుకాణంలో అందరూ బొచ్చుకుక్కల కోసం ఎగబడేవారు. దువ్వడానికి, కత్తిరించడానికి, రిబ్బను కట్టడానికి అక్కడ ఎంతో పని. పొట్టి వెంట్రుకల కుక్కలంటే ఎవరికీ లెక్కలేదు. నాలుగు చెంబులు పోసి, ఇంత సబ్బు నురగ రాసి, తువ్వాలుతో తుడిచి పంపేసేవారు. నీళ్లత్త ఆ కుక్కల్నే ఎంచుకుంది. బొచ్చుకుక్కకి వెంట్రుకలు దుప్పటిలా అడ్డముంటాయి. పొట్టి వెంట్రుకల దానికి చర్మం మీద చొక్కా కూడా ఉండదు. ఎండ, చలి, దుమ్ము, గరుకు నేల, మనం రాసే సబ్బు, అన్నీ నేరుగా ఒంటికే తగులుతాయి.

ఆమె ముందు నీళ్ల జోలికే వెళ్లేది కాదు. పొడి ఒంటి మీద రబ్బరు బుడిపెల బ్రష్షుతో గుండ్రంగా, మెల్లగా తిప్పేది. రాలాల్సిన వెంట్రుకంతా సూదుల్లా లేచి వచ్చేది. పొట్టి వెంట్రుకలు రాలవని నమ్మే ఇళ్లవాళ్లు ఆ కుప్ప చూసి నోరెళ్లబెట్టేవారు. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లు. కుక్కలకని చేసిన సబ్బునీళ్లనే మగ్గులో పలచగా కలుపుకుని రాసేది. మనుషులు తలకి రాసుకునేది పట్టుకొస్తే తిరిగిచ్చేసేది. "మీ చెప్పులు దానికి సరిపోతాయా? మీ సబ్బూ అంతే," అనేది. రాసిన దానికి మూడింతలసేపు కడిగేది. చంకల్లో, మెడ మడతల్లో, కాలివేళ్ల మధ్య జారుడు ఏమాత్రం మిగలకూడదు. చివర తువ్వాలుతో రుద్దదు, అద్దుతుంది. చెవుల బయట దూదితో తుడిచి, వేళ్ల సందులు ఒక్కొక్కటే ఆరబెట్టి అప్పుడు వదిలేది.

వదిలేటప్పుడు ఒక మాట అనేది. యజమానికి పడనిది ఆ మాటే. "మళ్లీ ఆరు వారాల దాకా తేకండి. బురదలో పొర్లితే సరే, లేకపోతే తడిగుడ్డతో తుడిస్తే చాలు." గోడ మీది పట్టిక ఒకటి చెబుతుంటే దాని కిందే నిలబడి ఈమె ఇంకోటి చెప్పేది. మూడేళ్లుగా ఆ సంసారం అలాగే గుట్టుగా నడుస్తోంది.

అలాంటప్పుడు మాస్టారి కుక్క వచ్చింది.

మాస్టారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక మూడో అంతస్తులో ఒక్కరే ఉంటున్నారు. దారిలో దొరికిన కుక్కపిల్లని తెచ్చి పెంచుకుని దాని రంగును బట్టి ఇటుక అని పేరు పెట్టారు. నాలుగేళ్లు దానికి ఏ జబ్బూ లేదు. ఈ ఏడాది పొట్ట కింద ఎర్రబడింది. గోకుతుంది, నాకుతుంది, నేల మీద పొట్ట ఈడుస్తుంది. మెట్ల మీద ఎవరో చూశారు. నాలుగు రోజుల్లో అపార్ట్‌మెంట్ సంఘం నోటీసు తలుపుకి అంటించింది. కుక్కకి అంటువ్యాధి ఉందని, పిల్లలకి ప్రమాదమని, నెల తిరిగేలోపు దాన్ని పంపేయాలని, పంపకపోతే సంఘమే మనుషుల్ని పిలిచి పట్టించేస్తుందని రాశారు.

మాస్టారు బెదిరిపోయారు. మురికి వల్ల వచ్చిందేమో, కడిగితే పోతుందేమో అనుకున్నారు. దుకాణానికొస్తే యజమాని వారానికి రెండు స్నానాలు రాశాడు, గట్టి మందు సబ్బుతో. మొదటి రెండు స్నానాలూ పక్క తొట్టి పిల్ల చేయించింది. మూడోసారికి ఇటుక నీళ్లత్త తొట్టిలోకి వచ్చింది.

ఆమె దాన్ని వెల్లకిలా పడుకోబెట్టింది. పొట్ట ఎర్రగా కందిపోయి, అక్కడక్కడ పొలుసులు లేచి ఉంది. రొమ్ము ఎముక మీద, మోచేతుల దగ్గర, తొడల లోపల, కాలివేళ్ల సందుల్లో అదే ఎరుపు. బోర్లా తిప్పింది. వీపు అద్దంలా మెరుస్తోంది. మెడ, చెవుల వెనక, తోక, ఎక్కడా మచ్చ లేదు.

నేలకి ఆనే చోటల్లా పుండు, ఆనని చోట మచ్చయినా లేదు. నీళ్లత్త కొళాయి కట్టేసింది అందుకే.

"మీరు చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారు," అన్నాడు యజమాని గొంతు తగ్గించి.

"ఇంకొకరు చేసినా దాని ఒళ్లు మండుతుంది. ఇప్పటికే తోలు లేచిన చోట మళ్లీ మందు సబ్బు రాస్తే గోరుచుట్టు మీద రోకటిపోటే. ముందు దీన్ని డాక్టరుకి చూపించమని చెప్పు బాబూ. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"ఇక్కడ ఎవరేం చెప్పాలో నేను చెబుతాను."

"అయితే నేనే చెబుతాను." ఆమె బయటికి నడిచి బెంచీ ముందు నిలబడింది. "మాస్టారూ, మీ కుక్కది మురికి కాదు. స్నానాలు ఆపండి. డాక్టరుకి చూపించండి."

యజమాని ఆమె కట్టుకున్న ప్లాస్టిక్ ఏప్రన్ వైపు చెయ్యి చూపించి, విప్పెయ్యమన్నాడు. ఆమె దాన్ని విప్పి, మడతపెట్టి, తొట్టి అంచున పెట్టింది. తన రబ్బరు బ్రష్షు మాత్రం సంచీలో వేసుకుంది. అది ఆమె సొంతం.

"ఉద్యోగం మళ్లీ పారిపోయిందా?" అన్నాడు భర్త ఆ సాయంత్రం.

"ఈసారి నేనే తరిమేశా," అంది.

మర్నాడు పొద్దున్నే ఆమె మాస్టారింటికి వెళ్లింది. ఎవరూ రమ్మనలేదు. తలుపు తీసిన మాస్టారు చేతిలో ఒక రూళ్ల కాగితం ఉంది. లెక్కల మనిషి కదా, కుక్క గంటకి ఎన్నిసార్లు గోక్కుంటోందో పది రోజులుగా పెన్సిలుతో గీతలు గీసి పెట్టుకున్నారు. నీళ్లత్త ఆ గీతల్ని వేలితో తడిమింది. పొద్దున్న గీతలు తక్కువ. పదకొండు నుంచి రెండు దాకా చిక్కగా ఉన్నాయి. సాయంత్రానికి మళ్లీ పలచబడ్డాయి.

"పదకొండుకి ఇది ఎక్కడుంటుంది మాస్టారూ?"

"గుమ్మం బయట, వరండా పలకల మీద. చల్లగా ఉంటుందని అక్కడే పడుకుంటుంది."

"అంతకు ముందు ఆ వరండాలో ఏం జరుగుతుంది?"

"ఏముందమ్మా, తుడుస్తారు."

వాళ్లు మాట్లాడుతుండగానే తుడిచే ఆమె బకెట్టుతో పైకి వచ్చింది. నలభై ఏళ్ల బక్కపలచని మనిషి. బకెట్లో నీళ్లు ఊదారంగులో ఉన్నాయి. ఆ వాసనకి నీళ్లత్త ముక్కుపుటాలు మండాయి.

"ఏంటక్కా ఇది? ఎప్పట్నుంచి వాడుతున్నావ్?"

"ప్రెసిడెంటుగారు కొత్తగా తెప్పించారు. రెండు నెలలవుతోంది. వాసన రాకపోతే తుడిచినట్టే కాదంటారు. అందుకే బకెట్టుకి అరసీసా పోస్తున్నా. పోయకపోతే కిందికి పిలిచి చీవాట్లు."

"నీ చేతులు ఓసారి చూపించు."

ఆమె చేతులు వెనక్కి దాచుకుంది. నీళ్లత్త మెల్లగా పట్టుకుని ముందుకి లాగింది. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఉంది. మణికట్టు దాకా ఎర్రగా పగుళ్లు. బకెట్టులో చెయ్యి ఎంతవరకు మునుగుతుందో సరిగ్గా అక్కడివరకే ఉంది ఆ ఎరుపు.

"ఎవరికైనా చెప్పావా?"

"చెబితే పని మానెయ్యమంటారక్కా."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. రెండు నెలలుగా ఆ చేతులు తన గుమ్మం ముందే తిరుగుతున్నాయి. ఆయన ఒక్కసారీ వాటిని చూడలేదు.

ఆ రోజే ఇటుకని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె చర్మం మీంచి కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూసింది. పురుగు లేదు, బూజు లేదు. నీళ్లత్త చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"పొట్ట మీద వెంట్రుక ఎంత పలచగా ఉందో చూశారుగా. నేల మీద ఏది ఉంటే అది ఒంటికి అంటుతుంది. దానికి తోడు గట్టి సబ్బు స్నానాలు, ఉన్న కాస్త జిడ్డునీ ఊడ్చేశాయి. ఇది ఎవరికీ అంటుకునేది కాదు," అని కాగితం మీద రాసిచ్చింది. సబ్బు పూర్తిగా మానేసి, పొట్టా పాదాలూ వట్టి గోరువెచ్చని నీళ్లతో తుడిచి ఆరబెట్టమంది. తనిచ్చిన లేపనం రాసి, నాక్కోకుండా కాసేపు కనిపెట్టుకుని ఉండమంది. ఆ నేల మీద పడుకోనివ్వద్దంది.

సంఘం సమావేశం ఆదివారం పొద్దున కింద హాల్లో జరిగింది. పాతికమంది వచ్చారు. ప్రెసిడెంటుగారు నిలువెత్తు మనిషి. ఇస్త్రీ మడత నలగకుండా కూర్చోగల నేర్పరి. ఏ గోడ మీద మరక కనిపించినా ఆయనకి నిద్ర పట్టదు. మాస్టారు లేచి డాక్టరు కాగితం చదివారు. ప్రెసిడెంటుగారు కాగితం తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టారు.

"మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ పిల్లల ఆరోగ్యం ముందు. నిర్ణయం అయిపోయింది."

"మరి పిల్లలు ఆడుకునేది ఏ నేల మీదండీ?" అని వెనక నుంచి ఓ గొంతు.

అందరూ తిరిగి చూశారు. నీళ్లత్త గోడ పక్కన నిలబడి ఉంది. ఒక చేతిలో ఇటుక తాడు, ఇంకో చేతిలో ఊదారంగు సీసా.

"మీరెవరు? ఏ ఫ్లాటు?"

"ఏ ఫ్లాటూ కాదు. కుక్కకి స్నానం చేయించేదాన్ని. నిన్న మొన్నటిదాకా. ఇప్పుడు అదీ కాదు."

కొందరు నవ్వారు. ప్రెసిడెంటుగారు నవ్వలేదు. "బయటివాళ్లకి ఇక్కడ మాట్లాడే హక్కు లేదు."

"హక్కు ఉన్నవాళ్లు మాట్లాడటం లేదని వచ్చానండీ. ఈ సీసా మీద ఏం రాసుందో ఎవరైనా చదవండి. నాకు అంత చిన్న అక్షరాలు ఆనవు."

ముందు వరసలో ఒళ్లో పాకే పిల్లాడితో కూర్చున్న ఓ తల్లి సీసా అందుకుని చదివింది. బకెట్టు నీళ్లకి ఒక మూత. ఒట్టి చేతులతో ముట్టరాదు. తుడిచాక మంచినీళ్లతో మళ్లీ తుడవాలి. మాస్టారు అలవాటు కొద్దీ వేళ్ల మీద లెక్క వేశారు.

"అరసీసాకి ఇరవై మూతలు. అంటే ఇరవై రెట్లు," అన్నారు.

"అది పనిమనిషి తప్పు. ఎంత పోయాలో ఆమెకి తెలియదు," అన్నారు ప్రెసిడెంటుగారు.

హాలు చివర తుడిచే ఆమె నిలబడి ఉంది. నీళ్లత్త రమ్మంటే భయపడుతూనే వచ్చింది. ఆ మాట వినేసరికి ఆమెలో ఏదో తెగినట్టయింది. కొంగులోంచి రెండు చేతులూ తీసి, నడుచుకుంటూ వచ్చి, ప్రెసిడెంటుగారి బల్ల మీద డాక్టరు కాగితం పక్కన పెట్టింది.

"వాసన రావట్లేదని మీరు నన్ను ఎన్నిసార్లు కిందికి పిలిచారండీ? అయిదుసార్లు. నాకు ఎంత పోయాలో మీరే నేర్పారు."

ఆయన ఆ చేతుల వంక చూడలేకపోయారు. మింగలేక కక్కలేక, గడువు మాత్రం అలాగే ఉంటుందని, అప్పటికి కుక్క ఒంటి మీద ఒక్క మచ్చ కనిపించినా పంపేయాల్సిందేనని చెప్పి లేచిపోయారు. గడువుకి ఇంకా పదహారు రోజులుంది.

ఆ పదహారు రోజులూ నీళ్లత్త పొద్దునా సాయంత్రం మూడో అంతస్తు ఎక్కింది. లిఫ్టు బయటివాళ్లకి కాదని రెండో రోజు ఎవరో కాగితం అంటించారు. "నా మోకాళ్లకి లిఫ్టు అలవాటు లేదులే," అని మెట్ల మీదే వెళ్లింది. పొట్ట, చంకలు, వేళ్ల సందులు గోరువెచ్చని నీళ్లతో అద్దడం, ఆరబెట్టడం, లేపనం రాసి అది ఇంకేదాకా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. మాస్టారు పాత బొంతని ఉతికి పరుపు కుట్టించారు. తుడిచే ఆమె మిగతా అంతస్తుల్లో సీసా మీద రాసినట్టు ఒక్క మూతే పోసింది, మూడో అంతస్తులో వట్టి నీళ్లే పోసింది. ప్రెసిడెంటుగారు పిలిచి అడిగితే, "సీసా మీద రాసిందే చేస్తున్నానండీ. వద్దంటే వద్దని రాసివ్వండి," అంది. ఆయన రాసివ్వలేదు.

అయిదో రోజుకి మాస్టారి గీతలు సగమయ్యాయి. ఎనిమిదో రోజు హఠాత్తుగా పెరిగాయి. నీళ్లత్త అటు చూసి ఇటు చూసి, చివరికి కుక్క పాదాలు వాసన చూసింది. ఆ ఊదారంగు మందు ఘాటే. ఎవరో మెట్ల మీద సీసా మూత తీసి నేరుగా పోసి వెళ్లారు. ఎవరన్నది తెలియలేదు. ఆమె బకెట్టు తీసుకుని మూడు అంతస్తుల మెట్లూ తనే కడిగింది. పై నుంచి దిగుతున్నవాళ్లు ఆగి చూశారు. పాకే పిల్లాడి తల్లి ఓ చీపురు తెచ్చి, మాట్లాడకుండా కింది మెట్ల నుంచి మొదలుపెట్టింది.

గడువు రోజున ప్రెసిడెంటుగారు ఇద్దరు సభ్యులతో పైకి వచ్చారు. మాస్టారు తలుపు బార్లా తెరిచారు. ఇటుక ఎవరొచ్చారో కూడా చూడకుండా ఆయన బూట్ల ముందు వెల్లకిలా పడి నాలుగు కాళ్లూ గాలిలోకి ఎత్తింది. పొట్ట లేత గులాబీ రంగులో, మీద కొత్తగా మొలుస్తున్న నూగుతో ఉంది. ఆయన వంగి చూశారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు.

"ఇదంతా ముందే చెప్పి ఉండాల్సింది," అన్నారు.

"చెప్పామండీ. మీరు కాగితం బోర్లా పెట్టారు," అంది నీళ్లత్త.

ఆయన క్షమాపణ చెప్పలేదు. నోటీసు మాత్రం సాయంత్రానికి తలుపు మీద లేదు. వారం తర్వాత తుడిచే ఆమెకి రబ్బరు తొడుగులు వచ్చాయి. ఆమె చేతులు మామూలయ్యేసరికి ఇంకో రెండు నెలలు పట్టింది. కుక్కకి పట్టినంత త్వరగా మనిషికి మందు పట్టలేదని నీళ్లత్త చాలాసార్లు బాధపడింది.

దుకాణం యజమాని కబురు పెట్టాడు, మళ్లీ రమ్మని. ఆమె వెళ్లి, గోడ మీది పట్టికలో పొట్టి వెంట్రుకల కుక్కలకి వారం స్నానం కొట్టేస్తే వస్తానంది. అతను తల గోక్కున్నాడు. కొట్టెయ్యలేనన్నాడు. "సరే బాబూ, నీ ఇష్టం నీది," అని మంచినీళ్లు తాగి వచ్చేసింది. ఇద్దరి మధ్యా కోపాలేం లేవు. దారిలో కనబడితే ఇప్పటికీ పలకరించుకుంటారు.

భర్త గ్యారేజీలో పాత ఇనప ముక్కలు అతికి, ఆమె నడుము ఎత్తుకి సరిపడా బల్ల చేసిపెట్టాడు. జారకుండా పైన రబ్బరు పరిచాడు. పెరట్లో చూరు కింద ఆమె సొంతంగా మొదలుపెట్టింది. వచ్చినవాళ్లలో సగంమందిని తిప్పి పంపేది. "ఇంకా నెలయినా కాలేదు, తీసుకెళ్లండి." "దీని చుండ్రు స్నానంతో పోయేది కాదు, డాక్టరమ్మకి చూపించండి." ఇలా అయితే ఎవరూ రారని ఆడపడుచు శాపనార్థాలు పెట్టింది. వచ్చినవాళ్లని వెనక్కి పంపే చోటేదో ఉందట అని జనం విచిత్రంగా చెప్పుకున్నారు. ఆ విచిత్రం చూడ్డానికే మరింతమంది వచ్చారు.

రెండేళ్ల తర్వాత కాపలా కుక్కల్ని పెంచే శిబిరం నుంచి పిలుపొచ్చింది. అక్కడ ముప్పై రెండు కుక్కలున్నాయి, అన్నీ పొట్టి వెంట్రుకలవే. సగానికి చర్మం బీటలు వారి ఉంది. శిబిరం పెద్ద యూనిఫారంలో నిటారుగా నిలబడి, రోజూ ఉదయం స్నానం తమ నియమమని చెప్పాడు. నీళ్లత్త నాలుగు కుక్కల వీపుల మీద వెంట్రుకలకి ఎదురుగా చెయ్యి తిప్పి, అరచేతిలో రాలిన తెల్లని పొట్టు ఆయనకి చూపించింది.

"ఈ నియమం తీసెయ్యండి సార్."

"నియమం నియమమేనమ్మా. నా చేతుల్లో లేదు."

"అయితే ఆ నియమాన్నే తొట్టిలో నిలబెట్టండి. దానికి రాస్తాను సబ్బు. ఈ ప్రాణులకి మాత్రం రాయను."

వెనక వరసలో నిలబడ్డ శిక్షకులు నవ్వు దాచుకోవడానికి తలలు తిప్పుకున్నారు. ఆయనకి ఆమెని బయటికి పంపమనాలో, నవ్వాలో తెలియలేదు. చివరికి, ఒక వరస కుక్కల్ని రెండు నెలలు ఆమె చెప్పినట్టు చూస్తామని, ఇంకో వరసని పాత పద్ధతిలోనే ఉంచుతామని ఒప్పుకున్నాడు. నెలన్నర తిరిగేసరికి రెండో వరస శిక్షకులే ఆయన గదికి వెళ్లి తమ కుక్కల్ని కూడా మొదటి వరసలో కలపమని అడిగారు.

నీళ్లత్తకి ఇప్పుడు అరవై దగ్గరపడింది. గురువారం గురువారం శిబిరానికి వెళుతుంది. కొత్తగా చేరిన శిక్షకులకి బ్రష్షు ఎలా పట్టుకోవాలో, తువ్వాలు ఎలా అద్దాలో చూపిస్తుంది. ఎదురు ప్రశ్న వేసినవాళ్లంటే ఆమెకి ఎక్కువ ఇష్టం. వాళ్లకి ఇంకాస్త ఓపిగ్గా చెబుతుంది. శిబిరం పెద్ద ఇప్పటికీ చెవి శుభ్రం చేసే విషయంలో ఆమెతో ఒప్పుకోడు. ఆ వాదన ఇంకా తేలలేదు. పోయిన గురువారం కూడా గేటు దాకా వాదించుకుంటూనే నడిచి వెళ్లారు.